కావలి మేర

తిరుపతి నుండి శ్రీకాళహస్తికి పోవు బాటలో ఏర్పేడు వద్ద దారి రెండుగా చీలును. ఒకటి స్వర్ణముఖి తీరము ననుసరించి కాళహస్తికిని, మరియొకటి ఉత్తరముగా వెంకటగిరికిని పోవును. నేడు ఏర్పేడులో రైలు స్టేషను, పోలీసు స్టేషను కలవు. వెంకటగిరి దారిలో ఐ.ఐ.టి. వెలసినది. 112 అంకెలు నొక్కినచో పలుకువారున్నారు. అయినను పొలములో ఒంటరిగా ఇల్లు కట్టుకొన్న గృహస్థుని ఒక ప్రశ్న నేటికిని వదలలేదు. అర్ధరాత్రి గడియ కదలిన చప్పుడు విన్న క్షణమునకును, పోలీసు బండి వాకిట నిలుచు క్షణమునకును నడుమ గల ఆ కొద్దిపాటి కాలములో ఇంటికి దిక్కెవరు?

ఈ ప్రశ్న పోలీసు శాఖ కంటె చాల పురాతనమైనది. దీనికి మన ప్రాంతము వేర్వేరు కాలములలో వేర్వేరు సమాధానములు చెప్పుకొన్నది. వానిలో కొన్ని మెచ్చదగినవి. కొన్నింటిని తలచుకొన్నచో నేటికిని తల వంచుకొనవలసియున్నది.

పుంగనూరు, పలమనేరు ప్రాంతములలో తిరుగువారికి వీరగల్లులు కొత్త గావు. బాణులు, వైదుంబులు ఏలిన కాలము నాటి ఆ రాళ్ళపై ఒక యోధుడు ఆయుధము పూని నిలిచియుండును. వారిలో కొందరు రాజుల పక్షమున పోరి మడిసినవారు. మరికొందరి కథ అంత పెద్దది కాదు. పొరుగువారు ఊరి పశువులను తోలుకొని పోవుచుండగా అడ్డుపడి ప్రాణములు విడిచినవారు వారు. నాడు పశువులే సంపద గనుక మందను తోలుకొనిపోవుట యనగా ఊరిని దోచుటయే. చనిపోయినవాని కుటుంబమునకు భూమి నిచ్చెడి ఆచారము గూడ కలదు, దానిని రక్తమాన్యమనిరి. ఊరికై పోరాడుట ఒకని సాహసమే యైనను, దాని వెల మాత్రము ఊరంతయు భరించవలెనన్న భావము ఆ మాన్యములో ఇమిడియున్నది.

ఆ భావమే తరువాతి కాలమున కావలి అను కట్టుబాటుగా రూపొందినది. మధ్యయుగపు శాసనములలో పాడికావలి యను రుసుము కనిపించును. తూర్పు ఇండియా కంపెనీ వారు ఈ సీమకు వచ్చునప్పటికి కావలి రెండంతరువులుగా నుండెను. ఊరిలో తలారి యుండెడివాడు. కొన్ని గ్రామముల సమూహముపై దేశకావలి యుండెడిది; అది పాలెగాని హక్కు. తలారికి కొంత మాన్యము, కళ్ళములో రాశి కొలుచునపుడు కొంత ధాన్యము ముట్టెడివి. ఆ ధాన్యమే మేర. మంగలికి, చాకలికి, కమ్మరికి మేర యున్నట్లే తలారికిని ఉండెను. రాత్రి గస్తీ తిరుగుట, కొత్తవారి రాకపోకలు కనిపెట్టుట, పొలిమేరలు గుర్తుంచుకొనుట, పంటను కాచుట అతని పనులు.

అయితే ఈ ఏర్పాటులో అన్నిటికంటె విశేషమైనది మేర కాదు, పూచీ. ఇంట దొంగతనము జరిగినచో కావలివాడు సొమ్ము పట్టి తేవలెను. తేలేనిచో తానే నష్టము నిచ్చుకొనవలెను. అందుచేత అడుగుజాడ తీయుట అతనికి విద్యయైనది. జాడ పొలిమేర దాటి పొరుగూరిలో ప్రవేశించినట్లు చూపగలిగినచో బాధ్యత ఆ ఊరి కావలివానిపై పడును. అతడును జాడను తన పొలిమేర దాటించవలెను, లేదా సొమ్ము చెల్లించవలెను. ఈ పద్ధతి పాలెగాండ్రు కల్పించినది కాదు. చోరుని జాడ ఏ గ్రామములో ఆగిపోవునో ఆ గ్రామాధికారియే బాధ్యుడని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర నాధారముగా గొనియే కేతన 13వ శతాబ్దమున తెలుగులో విజ్ఞానేశ్వరీయము రచించెను.

ఇది మన దేశమునకే పరిమితమని గూడ అనుకొనరాదు. ఇంగ్లండులో మొదటి ఎడ్వర్డు రాజు 1285లో వించెస్టరు శాసనము చేసెను. దాని ప్రకారము దోపిడి జరిగినచో ఊరివారందరు కేకలు వేయుచు దొంగను తరుమవలెను. దొంగను పట్టి యీయలేనిచో ఆ ప్రాంతవాసులందరు కలిసి నష్టమును భరింపవలెను. దొంగలు దాగకుండ రహదారి కిరువైపుల 200 అడుగుల మేర పొదలు కొట్టివేయవలెనని గూడ అందు కలదు. లండనులో జీతపు పోలీసులు ఏర్పడినది 1829లో. అనగా దాదాపు ఐదున్నర శతాబ్దముల పాటు ఆ దేశములోను ఇరుగుపొరుగే పోలీసు.

కావలిని స్వర్ణయుగముగా చిత్రించుట కూడదు. ఏర్పేడు నిలిచిన చోటునే చూడుడు. తూర్పున దామెర్ల వారి కాళహస్తి, ఉత్తరమున వెలుగోటి వారి వెంకటగిరి, దక్షిణమున కార్వేటినగరము, పడమట చంద్రగిరి సీమ. తిరుపతి చెంతనే కరకంబాడి, మామండూరు వంటి చిన్న పాలెములు. యాత్రికులు నడచు దారులన్నియు ఎవరో ఒకరి కావలిలో నుండెను. ప్రభువు బలముగా నున్నపుడు కావలి కావలిగానే సాగెను. 18వ శతాబ్దమున ఆర్కాటు నవాబులు, మరాఠులు, హైదరాలీ, ఇంగ్లీషువారు ఒకరి వెనుక నొకరు ఈ సీమను తొక్కుచుండగా పాలెగానిని అదుపు చేయువారు లేకపోయిరి. మేర పెరిగెను, పూచీ తరిగెను. రుసుము చెల్లింపని ఊరిపైకి పాలెగాని మనుష్యులే రాత్రివేళ వచ్చిరన్న ఫిర్యాదులు కంపెనీ అధికారుల లేఖలలో పలుమారు కనిపించును. ఆ అధికారులకు పాలెగాండ్రను తొలగించు ఉద్దేశమున్నది గనుక వారి మాటను కొంత తగ్గించియే వినవలెను. అయినను అది పూర్తిగా అబద్ధమనుట సాధ్యము గాదు. కాపాడుటకును బెదరించుటకును నడుమ గీత చాల సన్ననిది.

1801లో కర్ణాటక రాజ్యము కంపెనీ చేతికి వచ్చెను. మరుసటి యేటనే వెంకటగిరి, కాళహస్తి, కార్వేటినగరము ప్రభువులకు శాశ్వత సన్నదు లిచ్చిరి. వారు సేనలతో కొలుచు బాధ్యత తొలగిపోయెను. దానికి బదులు పేష్కషు పెరిగెను. చిత్తూరు పాలెగాండ్రు లొంగక 1804లో తిరుగబడిరి. వారి నణచుటకు సైన్యము కావలసివచ్చెను. ఈ నడుమనే, 1802 నాటి 35వ రెగ్యులేషను ప్రకారము, వంగదేశమున కారన్‌వాలీసు పెట్టిన దరోగాల పద్ధతిని చెన్నపట్టణపు రాజధానిలోను ప్రవేశపెట్టిరి. కావలి రుసుములు క్రమక్రమముగా సర్కారు జమాలో చేరెను.

నా అభిప్రాయములో ఈ కథకంతటికిని మలుపు ఇదియే. సర్కారు మేరను తీసికొన్నది గాని పూచీని తీసికొనలేదు. ఇల్లు దోపిడియైనచో దరోగా విచారించును, వ్రాసికొనును, పై అధికారికి నివేదించును. పోయిన సొమ్ము నిచ్చుకొనవలసిన పని ఆయనకు లేదు. పాలెగాడు చెడ్డవాడే కావచ్చును. కాని నష్టము నీవే యియ్యవలెనని అతని వాకిట నిలిచి అడుగుటకు రైతునకు ఒక హక్కుండెను. ఆ హక్కు ఎవరును రద్దు చేయకుండగనే మాయమయ్యెను.

దరోగాలు ఊరి గుట్టు తెలియనివారు. ఖర్చు అధికము, ఫలము స్వల్పము. దత్తమండలములను ఏడేండ్లు పాలించి అనుభవము గడించిన థామస్ మన్రో నాయకత్వమున 1814లో నియమింపబడిన సంఘము ఆ పద్ధతిని తీసివేయుమని సలహా యిచ్చెను. 1816 నాటి 11వ రెగ్యులేషను పోలీసు అధికారమును తిరిగి గ్రామపెద్దకు, తలారికి, వారిపై తహసీలుదారునకు అప్పగించెను. ఊరి పెద్దను రెడ్డి యనినను మునసబు అనినను అతడే ఠాణా. చిన్న తగాదాలలో దోషిని చావడిలో 12 గంటల వరకు నిర్బంధించు అధికారము అతనికి దక్కెను. దోషి తక్కువ కులమువాడైనచో 6 గంటల వరకు బొండకొయ్యలో బిగించవచ్చునని గూడ ఆ చట్టములోనే వ్రాసిరి. ఒకే తప్పునకు ఒకనికి చావడి నీడ, మరియొకనికి బొండకొయ్య! ఊరే తన్ను తాను కాచుకొనుట యనునది ఎంత ముచ్చటగా వినిపించినను, ఊరనగా ఎవరు అను ప్రశ్నను ఈ సెక్షను ఒక్కటి మన ముందుంచుచున్నది.

పన్నులకును పోలీసునకును ఒకే తహసీలుదారు కర్తయగుటచే కలిగిన దుష్ఫలములు 1855లో చిత్రహింసల విచారణ సంఘము నివేదికలో వెల్లడియైనవి. తరువాత 1859లో 24వ చట్టముతో చెన్నపట్టణపు రాజధానికి ప్రత్యేక పోలీసు శాఖ ఏర్పడెను. యూనిఫారము, లాఠీ, స్టేషను డైరీ అప్పటినుండి మన జీవితములో ప్రవేశించినవి. కాని ఒక్కొక్క స్టేషను క్రింద ఎన్నో గ్రామములు. కానిస్టేబులు నడచి రావలెను. తలారి పరుగున పోయి కబురందించి, వారు వచ్చు సరికి దొంగ రెండు పొలిమేరలు దాటియుండును. తలారి మాత్రము పేరు మార్చుకొని కొనసాగెను. 1894, 1895 సంవత్సరముల చట్టములు ఈ గ్రామోద్యోగములను క్రమపరచినవి. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వంశపారంపర్యపు గ్రామాధికారుల పదవులను రద్దు చేయువరకు మునసబు, కరణముల కాలము సాగినది.

మరి మేర పోగొట్టుకొన్న కావలివారు ఏమైరి? సేనలు లేని పాలెములో బంట్రోతులకు పని లేదు. ఉప్పు, ధాన్యము గాడిదలపై మోసి అమ్ముకొనుచుండిన ఎరుకలవారికి ఒక ప్రక్క ఉప్పు పన్ను, వేరొక ప్రక్క రైలు దెబ్బ తగిలినవి. నెల్లూరు, వెంకటగిరి, కాళహస్తి సీమలలో యానాదులు పొలములకును ఊళ్ళకును కావలి కాయుచుండిరని 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథము తెలుపుచున్నది. 1911 నాటి నేరజాతుల చట్టముతో చెన్నపట్టణపు రాజధానిలో ఎన్నో కుటుంబములకు పుట్టుకతోనే దొంగముద్ర పడెను. రాత్రి హాజరు, అనుమతి లేనిదే ఊరు దాటరాదను ఆంక్ష, తప్పినచో శిక్ష. స్టూవర్టుపురము, కప్పరాళ్ళతిప్ప, బిట్రగుంట మొదలగు చోట్ల సెటిల్‌మెంట్లు వెలసినవి. కప్పరాళ్ళతిప్పలో నుంచినవారిలో యానాదులును కలరు. ఒక ఊరిలో పంటకు కావలియుండినవాని దాయాదియే మరియొక ఊరిలో నేరజాతివాడు! దేశమంతట ఈ చట్టము రద్దయినది 1952 ఆగస్టు 31న. ముద్ర చట్టము నుండి తొలగినది గాని, రాత్రివేళ కొత్త మనిషిని చూచిన కన్ను నుండి అంత త్వరగా తొలగలేదు.

ఇక ఇంటి మాట. పోలీసులు దూరమైనపుడు గృహస్థు తన బుద్ధిని గోడలో పెట్టెను. రాయలసీమ మిద్దె యిండ్లకు బయటి వైపు కిటికీలు తక్కువ. వెలుతురు పైనుండి గవాక్షిగుండ రావలెను. వీధి తలుపు వెనుక అడ్డగడియ. అది గోడలోనికి దూరిపోవుచు, తీయునపుడు ఇల్లంతయు వినబడునట్లు మ్రోగును. ధాన్యము నేలలోని పాతరలో దాగియుండును. ఊరి నడుమ బురుజు. ఊరి చుట్టు కంప. అందుచేతనే నాటి దొంగ తలుపు జోలికి పోక మట్టిగోడకు కన్నము వేసెడివాడు; కన్నపుదొంగ యను మాట అట్లు పుట్టినదే. కన్నమునకు విరుగుడు కుక్క, మెలకువ గల ముసలివారు, ఒక్క కేకకు లేచి వచ్చు పొరుగు. పంటచేలలో పిట్టలను తోలు వడిసెలయు, గోడకు జేర్చిన దుడ్డుకర్రయు అక్కరకు వచ్చెడివి. తుపాకులపై 1878 నాటి ఆయుధముల చట్టము లైసెన్సు బిగించెను. దాని స్థానమున వచ్చిన 1959 నాటి చట్టము గూడ లైసెన్సును ఉంచినదే గాని, ఆత్మరక్షణకు కోరు పొడుగు గొట్టపు తుపాకికిని, పంట కాపుదలకు కోరు మందు దట్టించు నాటుతుపాకికిని ప్రత్యేకముగా త్రోవ చూపినది.

చేత కర్ర యున్నంతమాత్రమున చాలదు; ఎప్పుడు ఎత్తవచ్చును, ఎప్పుడు దించవలెను అన్నది వేరు ప్రశ్న. దీనికి లిఖితమైన సమాధానము మెకాలే సంఘము 1837లో సిద్ధపరచిన శిక్షాస్మృతి ముసాయిదాలో మొదలయినది. ఈ దేశ ప్రజలు ఆత్మరక్షణలో హద్దు మీరుదురన్న భయము కంటె, అన్యాయమును ఊరక సహింతురన్న చింతయే ఆ సంఘమునకు అధికముగా నుండెను. వీరగల్లుల సీమ వారికి ఆ మాట కొంత కటువుగా తోచవచ్చును. ఏమైనను 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుండి అమలయిన ఇండియను పీనల్ కోడులో 96 మొదలు 106 వరకు గల సెక్షనులు ఈ హక్కునకు కేటాయింపబడినవి. 2024 జూలై 1 నుండి అవి భారతీయ న్యాయసంహితలో 34 మొదలు 44 వరకు గల సెక్షనులుగా నున్నవి.

అందులో దూరమునకు సంబంధించిన ముక్క మిక్కిలి ముఖ్యమైనది. ప్రభుత్వాధికారుల రక్షణ పొందుటకు వ్యవధి యున్నపుడు ఆత్మరక్షణ హక్కు లేదని చట్టము చెప్పుచున్నది. అనగా ఠాణా ఎంత దూరమన్నది చట్టములోనే ఒక కొలతయైనది. తిరుపతి వీధిలోని యింటికిని, ఏర్పేడుకు ఎడముగా కొండపాదమున నున్న ఒంటి యింటికిని ఆ వ్యవధి ఒక్కటి గాదు. చట్టము గడియారమును పేర్కొనలేదు. న్యాయస్థానము నాటి పరిస్థితిని చూచి తేల్చవలెను. రెండవది, రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయరాదు. మూడవది, సూర్యాస్తమయమునకును సూర్యోదయమునకును నడుమ ఇల్లు పగులగొట్టి చొచ్చుట, దోపిడి, నివాసమునకు నిప్పు పెట్టుట వంటి ఘోరమైన సందర్భములలో మాత్రమే ప్రతిఘటన దుండగుని ప్రాణము తీయునంత దూరము పోవచ్చును. అదియును అవసరమన్న హద్దునకు లోబడియే. పెరటిలో కాయలు కోసికొనుచున్నవానిపై ఆ హక్కు లేదు. ప్రాణభయములో నున్నవాడు తన దెబ్బను త్రాసులో తూచి కొట్టునని ఆశింపరాదని మన న్యాయస్థానములు పలుమారు చెప్పినవి; సుప్రీంకోర్టు 2010లో పంజాబుకు చెందిన ఒక కేసులో ఈ సూత్రములన్నిటిని ఒకచో కూర్చినది.

హక్కు ఎప్పుడు ముగియును? రాత్రి ఇల్లు చొచ్చినవాని విషయములో ఆ చొరబాటు సాగుచున్నంత వరకే. దొంగ పట్టుబడి, చేతులు కట్టబడి, స్తంభమునకు చేర్చబడిన తరువాత పడు ప్రతి దెబ్బయు ఆత్మరక్షణ కాదు, నేరము. మన పల్లెలలో ఈ హద్దు ఎన్నిమారులు మరువబడినదో వార్తాపత్రికలు చదువువారికి తెలియును.

2018 మే నెలలో జరిగినది ఇంకను మరుపునకు రాలేదు. పార్థీ దొంగలు వచ్చుచున్నారని, పిల్లల నెత్తుకొనిపోవుచున్నారని సెల్‌ఫోనులలో పుకార్లు వ్యాపించినవి. రాయలసీమలోను తెలంగాణములోను ఎన్నో ఊళ్ళలో యువకులు కర్రలు పట్టుకొని రాత్రులు కావలి కాసిరి. పొరుగున తమిళనాడు ఉత్తర జిల్లాలలోను అదే భయము వ్యాపించెను. ఆ కర్రలకు దొరికినవారు దొంగలు గారు. దారి తప్పిన బాటసారులు, మతి చలించినవారు, బిచ్చమెత్తువారు. కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఆ పుకారు ఎత్తుకొన్న పేరును గమనింపుడు. పార్థీలును నేరజాతుల చట్టము క్రింద ముద్ర పడినవారే. ముద్ర తొలగి 66 ఏండ్లకు, ఆ జాతి మనిషిని ఎన్నడును చూచి యెరుగని పల్లెలలో, ఆ పేరే భయమునకు పేరయ్యెను.

నాటి తలారికిని ఈ యువకులకును భేద మిదియే. తలారికి ఊరిలో ప్రతి ముఖము తెలియును. పొరపాటు చేసినచో మేర పోవును, సొమ్ము నిచ్చుకొనవలసివచ్చును. 2018 నాటి కావలివారికి మేర లేదు, పూచీ లేదు; మరునాటి ఉదయము ఎవరు కొట్టిరో చెప్పువారును లేరు.

దొంగను పట్టుకొనుటకు చట్టము ఇప్పటికిని సామాన్య పౌరునకు అధికార మిచ్చుచున్నది. తన కన్నుల యెదుట ఘోరనేరము చేసినవానిని ఎవరైనను పట్టి బంధింపవచ్చును. అనవసరపు జాప్యము లేకుండ అతనిని పోలీసులకు అప్పగింపవలెనని పాత స్మృతి చెప్పుచుండెను. 2024 జూలై నుండి అమలులోనున్న నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షను దానికి 6 గంటల గడువు విధించినది. ఏర్పేడు చుట్టుపట్ల ఏ మూల పల్లె నుండియైనను, వెన్నెల లేని రాత్రి నడచి వచ్చినను, స్టేషను చేరుటకు ఆ గడువు చాలును.